మందు మంచం దాకా వచ్చాక

(విజయవాడ ఆటోనగర్‌లో ఒక ఆదివారం సాయంత్రం లారీ డ్రైవర్లు, మెకానిక్కులు, వాళ్ల కుటుంబాలతో ఒక సైకియాట్రీ డాక్టరు మాట్లాడిన మాటలివి. రికార్డింగ్ విని రాశాం. సభలో ప్రశ్నలు అడిగినవాళ్ల వివరాలు తీసేశాం.)

అందరికీ నమస్కారం. గుమ్మం దగ్గర నిలబడ్డ తమ్ముళ్లు లోపలికి వచ్చి కూర్చోండి. అక్కడుంటే సగం విని సగం వదిలేస్తారు. ఈ విషయంలో సగం తెలిసి ఉండటమే ఇప్పటిదాకా చాలామంది కొంప ముంచింది. అమ్మలూ, అక్కలూ, మీరు కూడా వచ్చినందుకు చాలా సంతోషం. మగాళ్లకు వేరేగా, ఆడవాళ్లకు వేరేగా రెండు మీటింగులు పెడదామా అని అడిగారు, నేనే వద్దన్నాను. కాపురం ఇద్దరిదైనప్పుడు మాట కూడా ఇద్దరూ కలిసే వినాలి.

మన తెలుగులో జ్వరానికి వేసుకునేదీ మందే, సాయంత్రం షాపు దగ్గర కొనేదీ మందే. చాలామంది దాన్ని నిజంగా మందులాగే వాడుతున్నారు. ఒళ్లు నొప్పులకు ఒక నైంటీ, నిద్రపట్టడానికి ఒక నైంటీ, దిగులుకు ఇంకొకటి. వీటితో పాటు ఎవరికీ చెప్పకుండా దాచుకునేది ఒకటుంది, రాత్రి భార్య దగ్గరికి వెళ్లడానికి ధైర్యం కోసం తాగడం. ఈరోజు నేను ఆ చివరిదాని గురించే మాట్లాడతాను.

ఇరవై ఏళ్లకు పైగా తాగుడు మాన్పించే పని చేస్తున్నాను. మొదటి కొన్నేళ్లు నేను పేషెంట్లను లివర్ గురించి అడిగాను, ఫిట్స్ గురించి అడిగాను, అప్పుల గురించి అడిగాను. మంచం గురించి మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. నాకు మొహమాటం, వాళ్లకు సిగ్గు. ఒకరోజు డిశ్చార్జి కాగితాలు తీసుకుంటున్న ఒక పేషెంటు భార్య తల దించుకుని, "మందు మాన్పించారు, మీకు పుణ్యముంటుంది డాక్టరుగారూ, కానీ ఆయన నా పక్కన పడుకుని మూడేళ్లయింది, దానికి కూడా ఏదన్నా చూడండి" అంది. నాకు ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే బాధగానే ఉంటుంది. మూడేళ్లుగా ఆ ఇంట్లో ఉన్న సమస్య, నేను నెల రోజులు రోజూ చూసిన మనిషి, నేను అడగనే లేదు. ఆ తర్వాత నుంచి అందరినీ అడుగుతున్నాను. అడిగితే చెబుతారు. ఎవరో ఒకరు ముందు అడగాలి, అంతే. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో తాగుడు చికిత్సకు చేరిన 100 మంది మగవాళ్లను ఇలాగే అడిగి 2007లో ప్రచురించారు. అందులో 72 మందికి ఏదో ఒక లైంగిక సమస్య ఉంది. కోరిక తగ్గడం, లేవకపోవడం, తొందరగా అయిపోవడం, ఇవే. కాబట్టి ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఎవరికన్నా ఉంటే, మీరు ఒంటరి కాదు, మీ ఒక్కరి మగతనంలో లోపం అంతకన్నా కాదు.

ముందు లెక్క. మనం నైంటీ అనేదాంట్లో, అంటే 90 మిల్లీలీటర్ల విస్కీలోనో బ్రాందీలోనో, సుమారు 30 గ్రాముల అసలు ఆల్కహాల్ ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక డ్రింకు అనేది 10 గ్రాములను. అంటే మీరు "ఒక్క నైంటీయే కదా" అనుకునేటప్పటికి మూడు డ్రింకులు అయిపోయాయి. క్వార్టర్ అంటే ఆరు. వంట్లో లివర్ దాన్ని గంటకు దాదాపు ఒక డ్రింకు చొప్పున మాత్రమే ఖర్చు చేయగలదు. రాత్రి తొమ్మిదింటికి క్వార్టర్ వేసి పదింటికి పడుకోవడానికి వెళ్తే, ఆ మందులో చాలామటుకు ఇంకా ఒంట్లోనే ఉంది.

అది మెదడులో మొదట చేసే పని బ్రేకులు వదులు చేయడం. సిగ్గు, భయం, రేపటి ఆలోచన, ఇవి మన బ్రేకులు. అవి వదులైనప్పుడు బండి స్పీడందుకున్నట్టు అనిపిస్తుంది. మీకు నేను చెప్పాలా, బ్రేకు పోయినంత మాత్రాన ఇంజన్‌లో పవరు పెరగదు. కోరిక పెరిగింది అనుకునేది చాలామటుకు ఇదే. ఇంకో గ్లాసు పడేసరికి ఇంజనే మగతలోకి పోతుంది, ఎందుకంటే ఆల్కహాల్ ఉత్సాహాన్నిచ్చే పదార్థం కాదు, నరాల పనిని నెమ్మది చేసే పదార్థం.

ఇప్పుడు కిందికి వద్దాం. అంగం ఎలా గట్టిపడుతుందో చాలామందికి తెలియదు. లోపల ఎముక ఉండదు, కండరం బలంతో లేచేదీ కాదు. మీరు రోజూ వాడే హైడ్రాలిక్ జాకీని తలుచుకోండి. ఆయిల్ లోపలికి రావాలి, ఒత్తిడి పెరగాలి, వాల్వు మూసుకుని ఆయిల్ వెనక్కి పోకుండా ఉండాలి. ఇక్కడ ఆయిల్ అంటే రక్తం. మెదడు నుంచి వెన్నుపాము మీదుగా నరాల ద్వారా ఆర్డరు వస్తుంది, ఆ నరాల చివర్ల నుంచీ రక్తనాళాల గోడల నుంచీ నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు విడుదలవుతుంది, దాంతో రక్తనాళాలు వదులై రక్తం నిండుతుంది, ఆ ఒత్తిడికి రక్తం బయటికి పోయే దారులు నొక్కుకుపోతాయి. అప్పుడు నిలబడుతుంది. ఈ వాయువు మన ఒంట్లో ఇలా కబురు చేరవేస్తుందని కనిపెట్టినందుకు 1998లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ ఇచ్చారు. మనకు కావలసింది ఇంతే: మనసు, నరం, రక్తనాళం, హార్మోను, ఈ నాలుగూ పనిచేస్తేనే జాకీ లేస్తుంది. మందు ఈ నాలుగింటినీ దెబ్బ తీస్తుంది. వేరే మత్తులు ఒక్కోటి ఒక్కోదాన్ని ముందు పట్టుకుంటాయి.

ఇప్పుడు ఒక కుర్రాడి సంగతి చెబుతాను, వివరాలు మార్చాను. పెళ్లయింది, శోభనం రోజు స్నేహితులు పక్కకు తీసుకెళ్లి "టెన్షన్ పడకురా, రెండు పెగ్గులేసుకుని వెళ్లు, అన్నీ అవే అవుతాయి" అన్నారు. అప్పటికే నాలుగు రోజులుగా నిద్ర లేదు, చుట్టాలు, పెళ్లి పనులు, పైగా కొత్త అమ్మాయి. మామూలుగానే ఆ రాత్రి చాలామందికి ఏమీ జరగదు, జరగక్కర్లేదు కూడా. ఇతను రెండు పెగ్గులంటే నాలుగు వేసుకుని వెళ్లాడు. లేవలేదు. మందు వల్ల లేవలేదని అతనికి తెలియదు, "నేను పనికిరాను" అనుకున్నాడు. మర్నాడు రాత్రి గదిలోకి వెళ్లేటప్పుడు ఇంకేం ఆలోచన లేదు, ఇవాళైనా లేస్తుందా లేదా అన్నదే. అలా తనను తాను పరీక్ష పెట్టుకున్న మనిషికి ఒంట్లో భయం హార్మోను, అంటే అడ్రినలిన్ ఊరుతుంది, అది రక్తనాళాలను బిగిస్తుంది. మళ్లీ లేవలేదు. మూడో రాత్రి ఆ భయానికి ఇంకో రెండు పెగ్గులు ఎక్కువేశాడు. ఇలా ఆరు నెలలు. అమ్మాయి పుట్టింటికి వెళ్లిపోయింది, పెద్దమనుషుల్లో పంచాయితీ జరిగింది, "సంసారానికి పనికిరాడు" అని నలుగురిలో అనేశారు. నా దగ్గరికి వచ్చినప్పుడు నేను అడిగింది ఒక్కటే, "తెల్లవారుజామున నిద్ర లేచేసరికి గట్టిపడి ఉంటోందా?" అని. ఉంటోంది అన్నాడు. అలా ఉంటోందంటే నరం, రక్తనాళం, హార్మోను మూడూ చాలావరకు బాగానే ఉన్నట్టు, చిక్కు మనసులో ఉన్నట్టు. అతనికి నేను మందు మాన్పించడం, భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడటం, కొన్ని వారాలు కలయిక అనే మాటే పెట్టుకోకుండా ఊరికే దగ్గరగా పడుకోమనడం, ఇంతకు మించి చేసింది లేదు. వాళ్లకిప్పుడు ఒక పాప.

ఆ స్నేహితులను నేను తిట్టడం లేదు, ప్రేమతోనే చెప్పారు, వాళ్లకూ ఎవరో అలాగే చెప్పారు. కానీ దయచేసి ఇక్కడున్నవాళ్లు ఇంకే కొత్త పెళ్లికొడుక్కీ ఆ సలహా ఇవ్వకండి.

తొందరగా అయిపోతోందని తాగేవాళ్లున్నారు, వాళ్ల విషయం ఇంకోలా ఉంటుంది. మందు స్పర్శను మొద్దుబారుస్తుంది, అందుకని మొదట్లో కాసేపు ఎక్కువ నిలిచినట్టు ఉంటుంది. నాలుగు నెలలు తిరిగేసరికి మందు లేకుండా దగ్గరికి వెళ్లలేడు, మందు ఉంటే లేవదు. శీఘ్రస్ఖలనానికి మందుబిళ్లలూ ఉన్నాయి, నేర్చుకునే పద్ధతులూ ఉన్నాయి, అది చాలా మామూలు సమస్య, దానికోసం తాగుబోతు అవ్వక్కర్లేదు.

ఏళ్ల తరబడి తాగితే ఏమవుతుంది? వృషణాల్లో మగ హార్మోను అయిన టెస్టోస్టిరాన్ తయారు చేసే కణాలను ఆల్కహాల్ నేరుగా దెబ్బ తీస్తుంది. లివర్ పాడైతే ఆడ హార్మోను అయిన ఈస్ట్రోజన్ పాలు ఎక్కువవుతుంది. అందుకే లివర్ పూర్తిగా చెడిన మగవాళ్లలో కొందరికి రొమ్ములు పెరుగుతాయి, వృషణాలు చిన్నవవుతాయి, ఛాతీ మీద వెంట్రుకలు రాలతాయి. చొక్కా విప్పమంటే సిగ్గుపడి విప్పని పేషెంట్లను చూశాను నేను. ఇక నరాలు. పాదాల్లో తిమ్మిర్లు, మంటలు, నడుస్తుంటే దూది మీద నడిచినట్టు ఉండటం, ఇది మందు వల్లా, సరైన తిండి లేక బి విటమిన్లు తగ్గడం వల్లా వచ్చే నరాల జబ్బు. కాళ్లకు వెళ్లే నరాలు చెడినట్టే అంగానికి వెళ్లే నరాలూ చెడతాయి.

ఈ నరాల మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. బస్టాండు గోడల మీద, రైలు పట్టాల పక్క గోడల మీద "నరాల బలహీనత" అని పెద్ద అక్షరాలతో రాసి ఫోన్ నంబరు రాసి ఉంటుంది. మన దగ్గర ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు. ఫలానా లాడ్జిలో, నెలకు ఒక ఆదివారం. వాళ్లు చెప్పేది ఏమిటంటే, చిన్నప్పుడు హస్తప్రయోగం చేశావు, ధాతువు పోయింది, అందుకే ఇలా అయ్యావు అని. అది అబద్ధం. హస్తప్రయోగం వల్ల నరాలు చెడవు, వీర్యం అయిపోదు, అది ఒంట్లో నిత్యం తయారవుతూనే ఉంటుంది. నిజంగా నరాలను చెడగొట్టే మందు సీసా గురించి, షుగర్ జబ్బు గురించి మాత్రం ఆ గోడ మీద ఒక్క అక్షరం ఉండదు. పదిహేనేళ్లప్పుడు చేసినదానికి నలభై ఏళ్లప్పుడు కుమిలిపోతూ, ఆ కుమిలిపోవడానికి మళ్లీ తాగుతూ ఉన్నవాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

వాళ్లిచ్చే పొడులు కొన్ని పనిచేసినట్టే ఉంటాయి. కారణం, మూలికలని చెప్పి అమ్మేవాటిలో కొన్నిట్లో సిల్డెనాఫిల్, అంటే వయాగ్రా, కలిపి ఉంటుంది. అదే, మెడికల్ షాపులో చీటీ లేకుండా మీరు గుసగుసగా అడిగి తెచ్చుకునే బిళ్ల. చట్టం ప్రకారం డాక్టరు చీటీ ఉండాలి. ఆ బిళ్లను నేనేమీ చెడ్డదని అనను, గుండెనొప్పికి పనికొస్తుందేమోనని తయారుచేస్తే వేరేదానికి పనికొచ్చింది, 1998 నుంచి కోట్లమందికి ఉపయోగపడింది, నేనూ రాస్తాను. కానీ అది కోరికను పుట్టించదు, ఇందాక చెప్పిన ఆర్డరు మెదడు నుంచి వస్తేనే రక్తనాళం దగ్గర దాని పని. ఫుల్లుగా తాగి మెదడు పడుకున్నప్పుడు బిళ్ల ఏం చేస్తుంది? పైగా మందు, బిళ్ల రెండూ బీపీని తగ్గిస్తాయి, కళ్లు తిరిగి బాత్రూములో పడతారు.

అసలు ప్రమాదం ఇంకోటి ఉంది, ఇది ఒక్కటి గుర్తుపెట్టుకున్నా ఇవాళ మీరు వచ్చినందుకు ఫలితం దక్కినట్టే. గుండెనొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ బిళ్ల చాలా ఇళ్లలో ఉంటుంది. సిల్డెనాఫిల్ వేసుకున్న మనిషికి 24 గంటల లోపల ఆ సార్బిట్రేట్ పెడితే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం పోవచ్చు. టడలాఫిల్ అనే ఇంకో రకం బిళ్ల ఉంది, దానికైతే 48 గంటలు. భార్యకు తెలియకుండా బిళ్ల వేసుకుంటాడు, అర్ధరాత్రి ఛాతీలో నొప్పి వస్తుంది, ఆవిడ ఖంగారుగా సార్బిట్రేట్ పెడుతుంది. ఆస్పత్రిలో క్యాజువాలిటీ డాక్టరు అడిగినప్పుడు కూడా సిగ్గుపడి చెప్పడు. అన్నా, ఆ ఒక్క క్షణం సిగ్గు వదిలేయండి. "నేను ఫలానా బిళ్ల వేసుకున్నాను" అని చెప్పండి. ఇంట్లో భార్యకు కూడా ముందే చెప్పండి.

డ్రైవర్లకు ట్రమడాల్ సంగతి తెలుసు, తెలియదనకండి. నిద్ర రాకుండా, ఒళ్లు నొప్పులు లేకుండా, ఇంకా "టైమింగ్" కోసమని. అది నల్లమందు జాతి నొప్పి బిళ్ల. స్ఖలనాన్ని ఆలస్యం చేసేమాట నిజమే. కానీ అలవాటు పడితే టెస్టోస్టిరాన్ పడిపోతుంది, కోరికే చచ్చిపోతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. స్టీరింగ్ దగ్గర ఫిట్స్ అంటే ఏమిటో ఆలోచించండి. 2018 నుంచి అది మత్తుమందుల చట్టం కిందికి వచ్చింది. ఇలాంటివి మానేసిన కొత్తలో స్ఖలనం చాలా తొందరగా అయిపోతుంది. అది చూసి భయపడి మళ్లీ మొదలుపెట్టినవాళ్లను ఎందరినో చూశాను. అది కొన్ని వారాల్లో సర్దుకునే విషయమని ముందే చెప్పి ఉంటే ఆగి ఉండేవాళ్లు. అందుకే ఇప్పుడు చెబుతున్నాను.

గంజాయి గురించి కాలేజీ కుర్రాళ్లు అడుగుతున్నారు. అది తీసుకున్నప్పుడు టైము సాగినట్టు ఉంటుంది, స్పర్శ ఎక్కువ తెలిసినట్టు ఉంటుంది, అందుకే గంటసేపు అయిందని ఇతను అనుకుంటాడు, అవతలి మనిషికి ఐదు నిమిషాలే. రోజూ లాగేవాళ్లలో వీర్యకణాల సంఖ్య తగ్గుతుంది, బద్ధకం, అనుమానం, కొందరికి మతి చెదరడం. దాని మీద సుఖం కోసం పందెం వేయకండి తమ్ముళ్లూ. పార్టీల్లో దొరికే బిళ్లలు, స్ఫటికాల్లాంటి మెథ్, ఇవి మొదట్లో కోరికను విపరీతంగా ఎగదోస్తాయి, రక్తనాళాలను బిగించేస్తాయి, కోరిక ఉండి లేవని స్థితి వస్తుంది. దానికోసం మళ్లీ బిళ్ల, గుండె మీద రెండువైపులా దెబ్బ. ఆ మత్తులో కండోమ్ గుర్తుండదు. లారీ లైన్లో ఉన్నవాళ్లకు ఎయిడ్స్ గురించి నేను కొత్తగా చెప్పక్కర్లేదు, తాగిన రాత్రి కండోమ్ జేబులోనే ఉండిపోతుందన్నది మాత్రం మళ్లీ మళ్లీ చెబుతాను.

సిగరెట్టు, గుట్కా, ఖైనీ. వీటిని మత్తు అని ఎవరూ అనుకోరు. అంగంలోని ధమని వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లు, గుండెకు వెళ్లేవి మూడు నాలుగు. పొగాకుతో పైపుల్లో మడ్డి పేరుకుంటే ముందు సన్న పైపే మూసుకుంటుంది కదా? అందుకే నలభై దాటిన మనిషికి, అందులోనూ షుగరు, బీపీ ఉంటే, మెల్లగా లేవడం తగ్గిపోతోందంటే నేను మొదట గుండె పరీక్ష రాస్తాను. కొన్నేళ్ల తర్వాత రాబోయే గుండెపోటుకు అది ముందుగా వచ్చిన కబురు కావచ్చు.

ఇక అమ్మల వైపు. ఇంతసేపూ మగాడి అంగం గురించే మాట్లాడాను, ఇది కూడా మన అలవాటే, కాపురం అంటే అదొక్కటే అన్నట్టు. ఆడవాళ్లు తాగినా వాళ్ల ఒంట్లోనూ ఇదే జరుగుతుంది, లోపల తడి తగ్గుతుంది, సుఖం అందడం ఆలస్యమవుతుంది లేదా అందదు. కానీ మన దగ్గర ఎక్కువమంది ఆడవాళ్లకు మందు బాధ తమ సీసాలోంచి రాదు, భర్త నోటి వాసనలోంచి వస్తుంది. నా దగ్గర ఒక అక్క చెప్పింది, రాత్రి గేటు చప్పుడు వినగానే పిల్లను పక్కలో పడుకోబెట్టుకుని నిద్రపోయినట్టు నటిస్తానని. పన్నెండేళ్లుగా నటించింది. అలాంటి మనిషికి కోరిక ఎక్కడి నుంచి వస్తుంది? తర్వాత అతనేమో "దీనికి నా మీద ఇష్టం లేదు" అని ఇంకా తాగుతాడు.

ఇష్టం లేదని చెబితే అది ఇష్టం లేనట్టే. మత్తులో ఉన్న మనిషి ఊ అన్నా దాన్ని ఒప్పుకోవడంగా లెక్క వేయకూడదు, భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్ కూడా మత్తు ఎక్కించి తీసుకున్న ఒప్పుదలను ఒప్పుదల కాదనే అంటుంది. భార్య విషయంలో ఆ సెక్షన్ మినహాయింపు ఇస్తోంది, అది నాకు బాధ కలిగించే సంగతి. కానీ 2005 గృహహింస చట్టంలో లైంగిక హింస కూడా ఉంది, భార్యకు అది వర్తిస్తుంది. ఆడవాళ్ల సహాయానికున్న 181 నంబరుకు ఫోన్ చేయొచ్చు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు, ఆ ఊపు రాష్ట్రమంతా పాకి 1995లో మద్య నిషేధం దాకా వచ్చింది, రెండేళ్లకు అది పోయింది కూడా. వాళ్లు జీతం డబ్బుల గురించీ, దెబ్బల గురించీ వీధిలో నిలబడి మాట్లాడగలిగారు. రాత్రి గది గురించి మాట్లాడటం ఇప్పటికీ మనకు రాలేదు.

ఒక జబ్బు ఉంది, దాన్ని జబ్బని తెలియక ప్రాణాలు పోతున్నాయి. అనుమానపు జబ్బు. ఏళ్ల తరబడి తాగిన మనిషికి తనకు చేతకావడం లేదని లోపల తెలుస్తుంది, మెదడు కూడా అప్పటికే దెబ్బతిని ఉంటుంది, దాంతో "నా వల్ల కావట్లేదు కాబట్టి ఇది ఇంకెవడితోనో ఉంది" అనే నమ్మకం పాతుకుపోతుంది. ఫోన్ చూస్తాడు, బట్టలు వాసన చూస్తాడు, పక్కింటి పిల్లాడితో మాట్లాడినా కొడతాడు. దుర్గమ్మ గుడి మెట్ల మీద నిలబెట్టి ప్రమాణం చేయమంటాడు. ఆవిడ ప్రమాణం చేస్తుంది, వారం రోజులు బాగుంటాడు, మళ్లీ మొదలు. అమ్మా, ఎన్ని ప్రమాణాలు చేసినా ఈ అనుమానం తీరదు, ఎందుకంటే అది మీ నడవడికలోంచి పుట్టలేదు. దీనికి చికిత్స ఉంది, బిళ్లలు ఉన్నాయి. కానీ కత్తి ఎత్తేదాకా వస్తే చికిత్స సంగతి తర్వాత, ముందు మీరు, పిల్లలు ఆ ఇంట్లోంచి బయటికి రండి.

పిల్లల గురించి కూడా ఒక మాట. పెళ్లయి రెండేళ్లయినా కడుపు పండకపోతే అమ్మాయిని స్కానింగుల చుట్టూ తిప్పుతారు, గుళ్ల చుట్టూ తిప్పుతారు. మగవాడి వీర్య పరీక్ష తక్కువ ఖర్చుతో ఒక్క పూటలో అయ్యేది, అది చివరికి చేయిస్తారు, కొందరు చేయించుకోనే చేయించుకోరు. వీర్యకణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. ఇవాళ మందు, సిగరెట్టు ఆపితే వాటి ఫలితం పరీక్షలో కనపడటానికి మూడు నెలలు ఓపిక పట్టాలి.

మానడం గురించి రెండు హెచ్చరికలు. రోజూ పొద్దున్నే చెయ్యి వణికి తాగేవాళ్లు ఈ మీటింగు విని ఆవేశంగా రేపటి నుంచి టక్కున ఆపేయకండి. రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి తప్పి లేనివి కనపడొచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. డాక్టరు దగ్గర ఆపాలి. 14446కి ఫోన్ చేస్తే ఎక్కడికి వెళ్లాలో చెబుతారు, అది ప్రభుత్వ నంబరు, డబ్బులేమీ అక్కర్లేదు. రెండోది, "తాగేవాడికి తెలియకుండా మాన్పిస్తాం" అని అమ్మే పొడి తెచ్చి కూరలో కలపకండి అమ్మా. వాటిలో డైసల్ఫిరామ్ ఉంటే, ఆయన తెలియక తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి మీ కళ్ల ముందే పోవచ్చు. అది ఆయనకు తెలిసి, ఆయన ఒప్పుకుని, డాక్టరు చూస్తుండగా వాడాల్సిన మందు.

ఇప్పుడు మీరు ప్రశ్నలు రాసి వేసిన చీటీలు. డబ్బాలో చాలానే పడ్డాయి, టైము తక్కువ, మూడు తీస్తాను.

"నాకు షుగరు ఉంది, వారానికి ఒకసారే తాగుతాను, పర్వాలేదా?" షుగరు కూడా అవే నరాలను, అవే రక్తనాళాలను తింటుంది. ఒకే పైపుకు రెండువైపులా తుప్పు. పర్వాలేదు అని నేను అనలేను తమ్ముడూ. వారానికి ఒకసారి అంటే ఎంత? ఆ ఒక్కసారీ హాఫ్ అయితే అది పన్నెండు డ్రింకులు.

"ఆయన తాగి వచ్చినప్పుడు నేను వద్దంటే పాపం తగులుతుందా, మా అత్తగారు అలా అంటారు." తగలదమ్మా. ఒంటికి ఇష్టం లేనిదాన్ని వద్దనడంలో పాపం లేదు. తాగని పూట, పగలు, ఆయన తేరుకుని ఉన్నప్పుడు చెప్పి చూడండి, "మీరు కావాలి, ఆ వాసనతో వద్దు" అని. కొందరు మగవాళ్లకు ఆ మాట ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు. కొట్టే మనిషైతే మీరు ఒక్కరే చెప్పకండి, నా దగ్గరికి తీసుకురండి, నేను చెబుతాను.

ఇది చివరిది, పెన్సిలుతో రాశారు. "మందు మానేసి రెండు నెలల పది రోజులు. ఇంకా ఏమీ రావడం లేదు. మానేసి ఏం లాభం?"

అన్నా, రెండు నెలల పది రోజులు మానావు, అది చిన్న పని కాదు, ముందు దానికి దండం పెడుతున్నాను. ఇన్నాళ్లూ మందు మీద నడిచిన మెదడు మందు లేకుండా నడవడం నేర్చుకుంటోంది. మొదటి నెలల్లో కోరిక చప్పగా ఉండటం మామూలే. చాలామందికి మూడు నెలలు దాటాక మెల్లగా తేడా కనపడుతుంది, కొందరికి ఏడాది పడుతుంది, నరాలు బాగా చెడినవాళ్లకు పూర్తిగా రాకపోవచ్చు, అప్పుడు కూడా చేయగలిగిన చికిత్సలున్నాయి. నిద్రకనో దిగులుకనో ఎవరైనా బిళ్లలు రాసి ఉంటే ఆ చీటీ తీసుకురా, కొన్ని దిగులు బిళ్లలు కూడా కోరికను తగ్గిస్తాయి, మార్చవచ్చు, నీ అంతట నువ్వు ఆపకు. పొద్దున తొమ్మిదింటి లోపల పరగడుపున రా, షుగరు, లివర్, టెస్టోస్టిరాన్ పరీక్షలు ఒకే రక్తంతో అయిపోతాయి, టెస్టోస్టిరాన్ పొద్దున్నే చూడాలి, సాయంత్రానికి తగ్గుతుంది. వచ్చేటప్పుడు వదినగారిని కూడా తీసుకురా, బయట బెంచీ మీద కాదు, గదిలోపలే కూర్చుంటుంది. చీటీ మీద పేరు రాయలేదు, రాయక్కర్లేదు. ఓపీ దగ్గర జబ్బు ఏమిటని అడిగితే ఏమీ చెప్పకు, "ఆటోనగర్ మీటింగు" అను, లోపలికి పంపిస్తారు.